మన చేలలో ఉత్పాదకత నిజంగా పెరిగిందా? అనంతపురం ఊళ్లలో లెక్క కట్టడం ఎలా

పోయినేడు ఎకరాకు మూడు బస్తాల శనక్కాయలు వచ్చాయి, ఈ ఏడు ఏడు బస్తాలు వచ్చాయి. ఇది చూసి మండలంలో వ్యవసాయ ఉత్పాదకత రెట్టింపు దాటిందని ఎవరైనా రాస్తే నమ్మకండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపులో వాన పడే జిల్లా ఇది. ఆ సగటు కూడా పుస్తకంలో ఉండేదే, ఏ ఏడాదికీ గ్యారంటీ లేదు. అలాంటి చోట రెండేళ్లను పక్కపక్కన పెడితే కనిపించేది ఎక్కువగా మబ్బు చేసిన పనే. విత్తనం ఎంత మెరుగైంది, సేద్యం ఎంత మారింది, రైతు పెట్టిన కష్టానికి ఫలితం ఎంత పెరిగింది అన్నది దాని వెనక కనపడకుండా ఉండిపోతుంది.

దాన్ని బయటికి తీసే పద్ధతే ఇది. రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో లెక్కలు చూసేవాళ్లు, ఊరి మీద ప్రాజెక్టు రాసే ఎకనామిక్స్ విద్యార్థులు, రైతు సేవా కేంద్రాల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా చేయొచ్చు. టేపు, తూకం కాటా, నోటుబుక్కు, ఫోన్‌లో ఎక్సెల్ ఉంటే సరిపోతుంది. ఓపిక మాత్రం బాగా కావాలి. ఈ అంకె తప్పితే నష్టం కాగితం మీద ఆగదు. పెరిగిందని తప్పుగా రాస్తే ఇక సాయం ఎందుకంటారు, తగ్గిందని తప్పుగా రాస్తే రైతుకు చేతకాలేదంటారు.

ముందు ఏ ఉత్పాదకతో తేల్చుకోండి

ఉత్పాదకత అంటే వచ్చినదాన్ని పెట్టినదానితో భాగించడం. దేనితో భాగిస్తున్నామన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఎకరాలతో భాగిస్తే భూమి ఉత్పాదకత. పనిదినాలతో భాగిస్తే శ్రమ ఉత్పాదకత. భూమి, శ్రమ, ఎద్దులు, ట్రాక్టర్, విత్తనం, ఎరువు అన్నిటినీ కలిపిన మొత్తంతో భాగిస్తే మొత్తం ఉత్పాదకత. ఈ మూడోది 1957లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో చూపించిన దారిలోంచి వచ్చింది. పెట్టుబడులు పెరగడం వల్ల వచ్చిన వృద్ధిని తీసేయగా మిగిలినదాన్ని ఆయన విడిగా చూపించాడు. అసలు మెరుగుదల ఆ మిగిలినదాంట్లోనే ఉంటుంది.

మూడూ కట్టండి. మనలాంటి ఎదుగుతున్న దేశంలో ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. ఊళ్లోంచి కొన్ని కుటుంబాలు బెంగళూరుకు పనికి వెళ్లిపోయాయనుకోండి. చేనులో ఒక్క కాయ కూడా ఎక్కువ రాకపోయినా, మిగిలినవాళ్లలో ఒక్కొక్కరి లెక్కకు వచ్చే పంట పెరుగుతుంది. శ్రమ ఉత్పాదకత అంటే ఎకరా దిగుబడిని, ఒక్కో మనిషి చేతికింద ఉన్న ఎకరాలతో హెచ్చవేసినదే. అందులో రెండో భాగం వలస వల్ల కూడా పెరుగుతుంది. కాబట్టి రెండు భాగాలనూ విడివిడిగా రాసుకోండి.

ఏ హద్దు, ఏ ఏళ్లు

ఒక ఊరు గానీ ఒక మండలం గానీ తీసుకోండి. జిల్లా మొత్తం కావాలంటే ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న పాత అనంతపురం జిల్లా రెండయింది. పాత 63 మండలాల్లో 31 అనంతపురంలో మిగిలాయి, 32 శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లాయి. 2021 అంకెనూ 2023 అంకెనూ జిల్లా పేరు చూసి పక్కన పెడితే కదిరి, ధర్మవరం, హిందూపురం ఒకదాంట్లో ఉంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. మండలాలవారీ అంకెలు తెచ్చుకుని పాత జిల్లాను మళ్లీ కూర్చుకోవాలి. కర్నూలు వాళ్లకు ఇంకో ముడి కూడా ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం వైపు భాగం కర్నూలు నుంచే వెళ్లింది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ దగ్గరున్న జిల్లాలవారీ సమాచారాన్ని 1966 నాటి హద్దులకు సర్ది ఇస్తారు కాబట్టి, పొడుగాటి కాలానికి అది పనికొస్తుంది.

కనీసం పన్నెండేళ్లు కావాలి. మొదటి ఏడాదిని చివరి ఏడాదితో పోల్చొద్దు. మొదటి మూడేళ్ల సగటునూ చివరి మూడేళ్ల సగటునూ పోల్చండి. 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లాలో కాండం కుళ్లు వైరస్ తెగులు లక్షల ఎకరాల వేరుశనగను తినేసింది. ఆ ఒక్క ఏడాదిని మొదలుగా పెట్టుకుంటే ఆ తర్వాత వచ్చిన ప్రతి పథకమూ గొప్పగా పనిచేసినట్టు కనిపిస్తుంది. ఎవరైనా వృద్ధి శాతం చూపిస్తే ముందు అడగాల్సింది ఏ ఏడాది నుంచి లెక్కపెట్టారనే.

విస్తీర్ణం: విత్తినదా, కోసినదా

ఇక్కడే ఎక్కువ లెక్కలు జారిపోతాయి. నూరు ఎకరాల్లో విత్తారు. ఊడలు దిగి కాయ పట్టే వేళకు బెట్ట వచ్చింది. నలభై ఎకరాల్లో చెట్టు పీకినా కూలి కూడా రాదని గొర్రెలకు వదిలేశారు. మిగిలిన అరవై ఎకరాల్లో ఎకరాకు 400 కిలోలు వచ్చాయి. కోసిన ఎకరాలతో భాగిస్తే 400, విత్తిన ఎకరాలతో భాగిస్తే 240. ఆ నలభై ఎకరాలకు కూడా దుక్కి, విత్తనం, ఎరువు, కలుపు ఖర్చు అన్నీ పెట్టేశారు. కాబట్టి 240నే రాయండి. కోసిన ఎకరాల లెక్కలో కరువు ఎంత ఎక్కువైతే బలహీనమైన చేలు అంతగా లెక్కలోంచి తప్పుకుంటాయి, సగటు అంత పచ్చగా కనిపిస్తుంది.

అడంగల్‌లో (ఊరి భూమి, పంటల రికార్డు) ఉన్న ఎకరాలను, ఈ-క్రాప్ నమోదును (సర్కారు ఆన్‌లైన్ పంట నమోదు) తీసుకోండి కానీ అక్కడ ఆగొద్దు. పది చేలకైనా ఫోన్‌లో కొలత యాప్ పెట్టుకుని గట్టు వెంబడి చుట్టూ నడవండి. కాగితం మీద ఐదెకరాలున్న చేనులో గట్లు, బండలు, చెట్ల నీడ పోగా విత్తింది నాలుగు ఎకరాల అరవై సెంట్లే కావచ్చు. మీరు నడిచిన చేలలో ఆ తేడా సగటున ఎంతో చూసి, మిగతావాటికి అదే నిష్పత్తి వేయండి.

దిగుబడిని తూచడం

రైతును అడిగితే చెప్పే అంకె అబద్ధం కాదు. కానీ అది బస్తాల్లో ఉంటుంది, బస్తా బరువు ఊరికో రకం. అప్పటికే విత్తనానికి తీసిపెట్టింది, ఇంట్లోకి వాడుకుంది, కూలీలకు కాయల రూపంలో ఇచ్చింది అందులో కలవవు. అందుకని ఇంటింటి సర్వేతో పాటు పంటకోత ప్రయోగం కూడా చేయండి. 1940లలో మహలనోబిస్, సుఖాత్మే లాంటి గణాంక శాస్త్రవేత్తలు మన దేశంలో స్థిరపరిచిన పద్ధతి ఇది. ఇప్పటికీ సర్కారు దిగుబడి అంచనాలకు ఆధారం ఇదే.

చేసే తీరు ఇది. ఊళ్లో వేరుశనగ వేసిన చేలన్నిటికీ నంబర్లు వేసి చీటీలు తీయండి. చీటీలో వచ్చిన చేనుకే వెళ్లాలి, దారి పక్కన ఉందని ఇంకో చేనుకు వెళ్లకూడదు. చేను చేరాక కూడా స్థలాన్ని కంటితో ఎంచుకోవద్దు. పొడవులో ఎన్ని అడుగులు, వెడల్పులో ఎన్ని అడుగులు వేయాలో అది కూడా చీటీ తీసి తేల్చండి. ఆ అడుగులు పడిన చోట మూల గుంజ పాతి, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు చతురం కట్టండి. మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికి ఎదురెదురు మూలల మధ్య తాడు పెట్టండి. 7 మీటర్ల 7 సెంటీమీటర్లు వస్తే చతురం సరిగ్గా ఉన్నట్టు. రెండు దిక్కులా కొలవండి, ఒకవైపు ఎక్కువ వస్తే గుంజ జరపండి. ఆ చోట చెట్లు పలచగా ఉన్నాయని, సాలు మధ్యలో బండ ఉందని పక్కకు జరగబుద్ధి అవుతుంది. రైతు కూడా ‘అక్కడెందుకు సార్, ఇటు రండి, పంట బాగుంది’ అంటాడు. జరగొద్దు. ఆ పలచటి చోటు కూడా ఆ చేనులో భాగమే, దానికీ విత్తనం పడింది.

తాడు లోపల మొదలున్న చెట్లన్నీ పీకించండి. నేల గట్టిపడితే కాయలు భూమిలో ఉండిపోతాయి. రైతు మామూలుగా ఏం చేస్తాడో అంతే చేయండి. అతను తవ్వి ఏరుకునేవాడైతే ఏరండి, వదిలేసేవాడైతే వదిలేయండి. మీరు ఒక్కో కాయా గోరుతో తవ్వి తీస్తే ఆ ఇంటికి ఏనాడూ చేరని పంట మీ పుస్తకంలో చేరుతుంది. కాయలు కోసి, మట్టి దులిపి, పచ్చివి తూచండి. గుడ్డసంచిలో పోసి, చీటీ లోపలొకటి బయటొకటి పెట్టి, బాగా ఎండబెట్టి మళ్లీ తూచండి. లెక్కలోకి తీసుకోవాల్సింది ఎండు బరువే. చతురంలో ఎండు కాయ 2 కిలోలు వస్తే దాన్ని 162తో హెచ్చవేయండి, ఎందుకంటే ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు, మీ చతురం 25. ఎకరాకు దాదాపు 324 కిలోలు.

ఇంకో రెండు తూకాలు మర్చిపోవద్దు. ఒకటి కట్టె. శనక్కాయ కట్టె పశువులకు మేత, కరువులో దాని రేటే ముందు పెరుగుతుంది. కాయలు పోయిన ఏడాది కూడా కట్టె ఎంతోకొంత మిగులుతుంది. రెండోది సాళ్ల మధ్య వేసిన కంది. అది నెలల తర్వాత కోతకొస్తుంది కాబట్టి చతురం గుంజలు తీసేసి వెళ్లిపోతే లెక్క తప్పిపోతుంది. కందికి పెద్ద చతురం కావాలి, లేదంటే చేను మొత్తం నూర్చిన తర్వాత రైతు ఇంటి దగ్గర తూచుకోండి. ఇవి రెండూ వదిలేసి కాయలొక్కటే లెక్కపెట్టే నివేదికలు ఎన్నో ఉన్నాయి. మెట్ట రైతు అంతరపంట వేసేది ఒకటి పోతే ఇంకొకటైనా నిలుస్తుందని. ఆ తెలివిని లెక్క బయట పెడితే అతని సేద్యాన్ని మీరు సగమే చూసినట్టు.

వీలైతే కిలో కాయలు ఒలిచి పప్పు ఎన్ని గ్రాములో రాసుకోండి. రెండు కాలాల్లోనూ కాయ బరువు ఒకటే అయినా, పప్పు 650 నుంచి 700 గ్రాములకు పెరిగిందంటే అదీ మెరుగుదలే. పాత టీఎంవీ-2 నుంచి కదిరి-6కు, అక్కడి నుంచి కదిరి లేపాక్షికి రకాలు మారుతూ వచ్చిన జిల్లా కాబట్టి ఏ రకమో ప్రతి చేనుకూ రాయడం తప్పనిసరి.

ఎన్ని చేలు కొలవాలి? ఇరవై చేలు కొలిచి సగటు 320 కిలోలు వచ్చిందనుకుందాం. చేనుకూ చేనుకూ తేడా 120 కిలోలు, అంటే గణితంలో చెప్పే ప్రామాణిక విచలనం. దాన్ని ఇరవై వర్గమూలంతో భాగిస్తే 27, అది ఒక్క సగటులో ఉండే ఊగిసలాట. రెండు సగటుల తేడాలో అది 38 అవుతుంది, హద్దు దానికి దాదాపు రెట్టింపు. ఇలాంటి రెండు సగటులను పోల్చినప్పుడు 75 కిలోల లోపు తేడా ఉంటే అది చీటీల అదృష్టం కూడా కావచ్చు. ఏడాదికి ఇరవై చొప్పున మూడేళ్లు కలిపి అరవై చేలు చేస్తే ఆ హద్దు దాదాపు 43 కిలోలకు దిగుతుంది. ఒకే ఏడాది చేలన్నీ ఒకే వానకు తడుస్తాయి కాబట్టి నిజానికి హద్దు ఇంకొంచెం పెద్దదే.

పని దినాలు

ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడ. కూలి ఇచ్చిన రోజులు రైతుకు గుర్తుంటాయి. ఇంటివాళ్లు చేసిన పని ఎవరూ గుర్తు పెట్టుకోరు, ఎందుకంటే దానికి డబ్బు ఇవ్వలేదు. ‘మొత్తం ఎన్ని రోజులు పనైంది?’ అని అడిగితే వచ్చే జవాబు పనికిరాదు. పనుల వరసలో అడగండి: దుక్కి, గుంటక, విత్తనానికి కాయలు ఒలవడం, విత్తడం, కలుపు, మందు కొట్టడం, చెట్టు పీకడం, కుప్ప వేయడం, కాయలు కోయడం, ఎండబెట్టడం, కట్టె వామి వేయడం. ఒక్కో పనికి ఇంటివాళ్లు ఎందరు, బయటివాళ్లు ఎందరు, ఎన్ని గంటలు అని రాసి, ఎనిమిది గంటలు ఒక దినంగా మార్చండి. ఒకరి చేనికి ఒకరు బదులుగా వెళ్లే పనిని కూడా రాయండి. గుత్తకు ఇచ్చిన పని అయితే ఎంతమంది వచ్చారు, ఎన్నాళ్లు చేశారు అని కూలీల మేస్త్రీని అడగండి.

మగవాళ్లను అడిగి వచ్చేయొద్దు. విత్తనం కాయలు రాత్రిపూట ఇంట్లో కూర్చుని ఒలిచేది, కలుపు తీసేది, కాయలు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. ‘అక్కా, కాయలు ఒలవడం ఎన్ని రాత్రులు పట్టింది?’ అని ఆమెనే అడిగితే ఇంటాయన చెప్పిన లెక్కకూ ఆమె చెప్పినదానికీ చాలా దూరం కనిపిస్తుంది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఆడ కూలి దినాన్ని మగ కూలి దినంలో ముప్పాతికో మూడింట రెండో వంతో అని తగ్గించి కలిపే పాత అలవాటొకటి లెక్కల్లో ఉంది. అది చేయొద్దు. కూలి తక్కువ ఇవ్వడం వేరు, పని తక్కువ చేయడం వేరు. ఎనిమిది గంటలకు ఎనిమిది గంటలే.

మండలం స్థాయిలో జనగణన అంకెలు వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. 2011 జనగణనలో ఏడాదిలో ఆరు నెలలు, అంతకు పైన పనిచేసినవాళ్లు ప్రధాన శ్రామికులు, అంతకన్నా తక్కువైతే ఉపాంత శ్రామికులు. ఇద్దరినీ తలకొకటి చొప్పున కలిపేస్తే ఆరు వారాలు కలుపు తీసిన మనిషీ ఏడాదంతా సేద్యంలో ఉన్న మనిషీ ఒకటైపోతారు. మెట్టలో ఏడాదికి ఒక్క పంటే కాబట్టి తలల లెక్క శ్రమను ఎక్కువ చేసి, ఉత్పాదకతను తక్కువ చేసి చూపిస్తుంది. దినాల లెక్కే మేలు.

మిగతా పెట్టుబడులు

విత్తనం కిలోల్లో, ఎరువు బస్తాల్లో, ఎద్దులు కాడి-దినాల్లో, ట్రాక్టర్ గంటల్లో రాయండి. సబ్సిడీ విత్తనానికి రైతు చెల్లించిన రేటు కాకుండా పూర్తి రేటు వేయండి. సొంత ఎద్దులు, సొంత భూమి, సొంత విత్తనం ఊరికే వచ్చినవి కావు, వాటికి ఊళ్లో నడుస్తున్న బాడుగ, కౌలు, రేటు వేయాలి.

బోరు కింద పండించేవాళ్ల లెక్కలో మాత్రం ఆగి చూడండి. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కాబట్టి ఖర్చు గడిలో సున్నా పడుతుంది. నీళ్లు మాత్రం సున్నా కాదు. బోరు ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని అడుగుల లోతు నుంచి వస్తున్నాయి, ఈ పన్నెండేళ్లలో ఎన్ని బోర్లు ఎండిపోయాయి అన్నవి విడిగా రాయండి. భూమి అడుగున ఉన్నదాన్ని తోడేసి పెంచిన దిగుబడిని ఉత్పాదకత పెరుగుదల అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. హంద్రీ-నీవా నీళ్లు 2012లో జీడిపల్లి రిజర్వాయర్‌కు చేరాక ఆ కాలువ దరి ఊళ్లలో సేద్యమే మారుతూ వచ్చింది. అలాంటి చోట మెట్ట చేలనూ నీటి చేలనూ వేరువేరు పట్టికల్లో వేయండి. కలిపేస్తే మెట్ట ఎక్కడిదక్కడే ఉన్నా సగటు పెరిగిపోతుంది.

అన్నిటినీ ఒక అంకెగా కలపడం

కాయలను, కందిని, కట్టెను కిలోలుగా కూడలేం. రేట్లతో హెచ్చవేసి కూడాలి. ఏ ఏడాది రేట్లు? అప్పటివి అప్పటికి, ఇప్పటివి ఇప్పటికి వేస్తే పెరిగింది పంటో రేటో తెలియదు. వేరుశనగ మద్దతు ధర 2014-15లో క్వింటాలుకు రూ. 4,000, 2024-25లో రూ. 6,783. ఒక్క కాయ ఎక్కువ పండకపోయినా పంట విలువ 70 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది.

అందుకని రెండు సార్లు కట్టండి. రెండు కాలాల పంటనూ పాత రేట్లతో ఒకసారి, కొత్త రేట్లతో ఇంకోసారి. వచ్చిన రెండు నిష్పత్తులను హెచ్చవేసి వర్గమూలం తీయండి. దీనికి ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరు పెట్టారు. కింద అంకెలు నేర్చుకోడానికి నేను వేసినవి, ఏ ఊరివీ కావు. ఎకరాకు మూడేళ్ల సగటు, రెండు కాలాల మధ్య పదేళ్లు.

| | పాత పరిమాణం | పాత రేటు (రూ.) | కొత్త పరిమాణం | కొత్త రేటు (రూ.) |
|---|---|---|---|---|
| కాయలు (కిలోలు) | 320 | 40 | 368 | 60 |
| కంది (కిలోలు) | 40 | 45 | 50 | 70 |
| కట్టె (కిలోలు) | 400 | 3 | 440 | 6 |
| పని దినాలు | 30 | 200 | 27 | 400 |
| ఎద్దుల కాడి (దినాలు) | 4 | 600 | 2 | 1,500 |
| ట్రాక్టర్ (గంటలు) | 1 | 500 | 4 | 1,000 |
| విత్తన పప్పు (కిలోలు) | 60 | 65 | 70 | 95 |
| ఎరువు (బస్తాలు) | 1 | 1,000 | 2 | 1,400 |
| భూమి కౌలు (ఎకరా) | 1 | 2,200 | 1 | 3,000 |

పంట: పాత రేట్లతో 15,800 నుంచి 18,290కి, అంటే 1.158 రెట్లు. కొత్త రేట్లతో 24,400 నుంచి 28,220కి, 1.157 రెట్లు. రెండూ దాదాపు ఒకటే. పంట పరిమాణం 15.7 శాతం పెరిగింది.

పెట్టుబడి: పాత రేట్లతో 16,000 నుంచి 17,350కి, 1.084 రెట్లు. కొత్త రేట్లతో 29,100 నుంచి 30,250కి, 1.040 రెట్లు. ఇక్కడ రెండూ కలవలేదు, ఎందుకంటే ఎద్దుల బాడుగ బాగా పెరిగింది, రైతు వాటిని తగ్గించాడు. ఒక్క రేట్లతోనే కడితే ఎటో ఒకవైపు మొగ్గేవాళ్లం. రెంటి గుణకారానికి వర్గమూలం తీస్తే 1.062.

ఇప్పుడు భాగించండి. భూమి ఉత్పాదకత 15.7 శాతం పెరిగింది. పని దినాలు 30 నుంచి 27కు తగ్గాయి కాబట్టి శ్రమ ఉత్పాదకత 28.6 శాతం పెరిగింది. మొత్తం ఉత్పాదకత అంటే 1.157ను 1.062తో భాగిస్తే వచ్చేది, పెరిగింది 9 శాతమే. శ్రమ లెక్కలో కనిపించిన పెరుగుదలలో చాలా భాగం ట్రాక్టర్, ఎరువు ఎక్కువ పెట్టినందువల్ల వచ్చిందే.

పట్టికను ఇంకోసారి చూడండి. మొదట్లో పంట విలువ 15,800, అన్నీ కలిపిన ఖర్చు 16,000. పదేళ్ల తర్వాత పంట 28,220, ఖర్చు 30,250. ఉత్పాదకత 9 శాతం పెరిగి కూడా ఎకరాకు లోటు 200 నుంచి 2,030కి చేరింది. పంట రేట్లు 54 శాతం పెరిగితే పెట్టుబడి రేట్లు 78 శాతం పెరిగాయి, రైతు సాధించిన మెరుగుదలను అది మింగేసింది. ఇంటివాళ్ల కూలి, సొంత భూమి కౌలు ఖర్చులో కలపకపోతే లోటు కంటికి కనపడదు, ఇంటి మనిషి శ్రమే దాన్ని పూడుస్తూ ఉంటుంది. మద్దతు ధరల దగ్గర ఏ2 (రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చు), సీ2 (ఇంటివాళ్ల కూలి, సొంత భూమి కౌలు లాంటివి కూడా కలిపిన ఖర్చు) మీద ఇంత వాదన జరిగేది ఇందుకే. ఉత్పాదకత పెరిగింది కాబట్టి ఆదాయం పెరిగినట్టేనని మీ నివేదికలో ఒక్క వాక్యం కూడా రాయొద్దు. రెండూ వేర్వేరు గడులు, రెండూ చూపించండి.

వానను పక్కన పెట్టడం

మూడేళ్ల సగటు కొంత సాయం చేస్తుంది కానీ, మన దగ్గర మూడేళ్లూ వరసగా కరువు రావచ్చు. పన్నెండేళ్లకూ మీ మండల వర్షమాపకం నమోదులు రోజువారీగా తెచ్చుకోండి. మొత్తం వాన ఎంతన్నది సగం కథే. విత్తిన తర్వాత 40 రోజుల నుంచి, ఊడలు దిగి కాయ ఊరే దాకా ఎన్నాళ్లు బెట్ట నడిచిందో లెక్కపెట్టండి. సెప్టెంబరులో ఒక్క రాత్రి పడ్డ 90 మిల్లీమీటర్లు సగటును బాగు చేస్తాయి, అప్పటికే ఎండిన చెట్టును బాగు చేయవు.

ఆ వివరాలతో ఏళ్లను మూడు కుప్పలుగా వేయండి: మంచివి, మధ్యరకం, కరువువి. కుప్పలు వేసే మనిషికి దిగుబడి అంకెలు కనపడకూడదు. చూస్తే తెలియకుండానే దిగుబడి తగ్గిన ఏడాదిని కరువులో వేసేస్తారు. తర్వాత ఒక్కో కుప్పలో మొదటి ఆరేళ్లలోని సంవత్సరాలను తర్వాతి ఆరేళ్లవాటితో పోల్చండి. కరువేళ్ల దిగుబడి పెరిగిందా? మంచి ఏళ్లదే పెరిగిందా? నా దృష్టిలో ఈ జిల్లాకు మొదటి ప్రశ్నే ముఖ్యం. మంచి వానలో పది బస్తాలిచ్చే రకం కన్నా చెడ్డ వానలో రెండు బదులు మూడు బస్తాలిచ్చే పద్ధతి ఇక్కడ ఎక్కువ ఇళ్లను నిలబెడుతుంది, అన్ని ఏళ్లనూ కలిపిన సగటులో అది మునిగిపోతుంది. ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు దిగుబడి లాగరిథమ్‌ను ఏడాదితోనూ, వానతోనూ, బెట్ట రోజులతోనూ కలిపి రిగ్రెషన్ చేయొచ్చు. పన్నెండు అంకెల మీద అంతకన్నా ఎక్కువ బరువు వేయొద్దు.

ఏడాదికి ఎంత

పదేళ్లలో 9 శాతాన్ని పదితో భాగించకండి. 1.09కి పదో మూలం తీయండి, ఏడాదికి 0.9 శాతం వస్తుంది. అలాగే భూమి ఉత్పాదకత ఏడాదికి 1.5, శ్రమ ఉత్పాదకత 2.5. కాలం లెక్కను మధ్య ఏడాది నుంచి మధ్య ఏడాదికి తీసుకోవాలి. 2012 నుంచి 2014 దాకా సగటునూ 2022 నుంచి 2024 దాకా సగటునూ పోలిస్తే మధ్యలో ఉన్నది పదేళ్లే, పన్నెండు కాదు. మొదటి కాలాన్ని ఒక ఏడాది ముందుకూ ఒక ఏడాది వెనక్కూ జరిపి మళ్లీ కట్టి చూడండి. 0.9 కాస్తా ఒకసారి 2, ఇంకోసారి సున్నా అయితే ఒక్క అంకె రాయకుండా మూడూ రాయండి.

నివేదిక ఒక్క పేజీలో పట్టాలి. మూడు ఉత్పాదకతలు, పంట రేట్లు, పెట్టుబడి రేట్లు, కరువేళ్ల దిగుబడి, విత్తి వదిలేసిన ఎకరాల శాతం, ఎన్ని చేలు తూచారు, ఎవరిని అడిగారు. తెలుగులో రాసి రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి, అంకెలు ఇచ్చినవాళ్లను పిలిచి చదివి వినిపించండి. ‘మా చేనులో ట్రాక్టర్ నాలుగు గంటలు తిరగలేదు సార్, రెండే’ అని ఎవరైనా లేచి అంటే అక్కడే దిద్దుకుని, మళ్లీ భాగించండి.